తోడికోడలి రక్తం

భవానీపురంలో మా వీధిలో గిన్నెలు ఇచ్చిపుచ్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. పక్కింటివాళ్ళు గిన్నెలో ఏదైనా పంపితే ఆ గిన్నెను కడిగి ఖాళీగా తిరిగి పంపకూడదు. ఏదో ఒకటి వెయ్యాలి. ఇంట్లో ఏమీ లేకపోతే కాసిని పంచదార పలుకులైనా వెయ్యాలి. అందరూ పాటించే పద్ధతే గాని, సంపూర్ణమ్మగారు పాటించినంత కఠినంగా ఎవరూ పాటించేవారు కాదు. ఆవిడ ఇంటికి అరగిన్నె పులిహోర వెళితే నిండు గిన్నె చక్రపొంగలి తిరిగి వచ్చేది. మర్యాదకు మనం మళ్ళీ ఏదైనా పంపితే ఆవిడ అంతకు మించి పంపేవారు. ఒకసారి మా ఇంటి నుంచి జామకాయలతో మొదలైన వ్యవహారం గుమ్మడికాయ దాకా వెళ్ళింది. చివరికి మావాళ్ళే దణ్ణం పెట్టి ఆపేశారు.

సంపూర్ణమ్మగారిది ఉయ్యూరు దగ్గర పల్లె. చెరుకూ పసుపూ పండించే ఇంట్లో పుట్టారు. భర్త వెంకటప్పయ్యగారు ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో ఫిట్టరు. ఆయన టిఫిన్ క్యారియరు పట్టుకుని డ్యూటీ బస్సు ఎక్కగానే ఆవిడ వరండాలో మిషను ముందు కూర్చుని చీరలకు ఫాల్సు కుట్టేవారు. ఎదురింటి బేగం బీ పక్కనే చాప వేసుకుని అంచులు మడిచి పెట్టేది. ఇద్దరి చేతులతో పాటు నోళ్ళూ ఆడుతుండేవి. చీర రంగుకు సరిగ్గా సరిపోయే ఫాలు తియ్యడంలో సంపూర్ణమ్మగారి కన్ను కన్నే. చిలకపచ్చకూ ఆకుపచ్చకూ తేడా చీకట్లో కూడా చెప్పగలరని బేగం బీ అందరికీ చెప్పేది.

ఎవరిదీ ఏమీ ఉంచుకోకూడదన్న ఈ పట్టింపు ఆవిడకు పుట్టుకతో వచ్చింది కాదు. తోడికోడలు సీతారావమ్మగారి పుణ్యమా అని వచ్చింది.

సీతారావమ్మగారు వెంకటప్పయ్యగారి అన్న వెంకటకృష్ణారావుగారి భార్య. గన్నవరంలో వాళ్ళకు సిమెంటూ ఇనుమూ అమ్మే కొట్టు ఉంది. ఆవిడ చెయ్యి పెద్దది. మనసూ పెద్దదే. నోరు ఆ రెండింటికన్నా పెద్దది. అడిగినవాళ్ళకు లేదనకుండా ఇస్తారు. కాకపోతే ఇచ్చిన వస్తువు అరిగిపోయినా ఇచ్చిన సంగతి మాత్రం అరగదు.

తొంభై ఆరులో గన్నవరంలోనే చుట్టాల పెళ్ళి జరిగింది. "బోసి మెడతో వస్తావా, నా పరువేం కాను?" అని సీతారావమ్మగారే తన చంద్రహారం తీసి సంపూర్ణమ్మగారి మెడలో వేశారు. అంతవరకూ బాగానే ఉంది. భోజనాల దగ్గర మగపెళ్ళివారు నిండుగా కూర్చున్న పంక్తిలో, ఆ చివరి నుంచి ఈ చివరికి వినపడేలా ఆవిడ కేకేశారు.

"అమ్మాయ్ సంపూర్ణా! ఆ కొక్కెం కాస్త వదులు తల్లీ. మాది కదా, నాకు తెలుసు. వంగేటప్పుడు చూసుకో, సాంబార్లో పడగలదు!"

పంక్తి పంక్తంతా ముందు హారం వంక, తరవాత సంపూర్ణమ్మగారి మొహం వంక చూసింది. ఆవిడ తల విస్తరిలోకి దించుకున్నారు. పెరుగు వడ్డించేవాడు వస్తే వద్దన్నారు. కృష్ణాజిల్లాలో పుట్టిన మనిషి పెళ్ళిభోజనంలో పెరుగు వద్దన్నదంటే ఆ బాధ ఎంతటిదో వేరే చెప్పక్కర్లేదు. ఆ రోజు నుంచి ఆవిడ తోడికోడలి దగ్గర చేటెడు బియ్యప్పిండి కూడా బదులు తెచ్చుకోలేదు.

అలాంటి మనిషికి రెండువేల నాలుగులో ఒంట్లో బాగా లేకుండా పోయింది. నెలసరి వస్తే పది పన్నెండు రోజులు ఆగేది కాదు. ఎవరికీ చెప్పుకోలేదు. రెండు మెట్లు ఎక్కితే ఆయాసం, మిషను తొక్కుతూ తొక్కుతూ కునుకు. పెదవులు సున్నం కొట్టినట్టు పాలిపోయాయి. చివరికి ఒకరోజు ఆవిడ ఆకుపచ్చ చీరకు చిలకపచ్చ ఫాలు కుట్టేశారు. బేగం బీ ఆ చీర ఎత్తి చూసి మిషను చక్రం మీద చెయ్యి వేసి ఆపేసింది.

"లే అక్కా. ఇక చాలు. ఆస్పత్రికి పోదాం."

"ఏమైందే ఇప్పుడు?"

"నీకు పచ్చ కనపడకపోతే ఇంకేం కావాలి?"

సూర్యారావుపేటలో ఒక ఆస్పత్రికి లాక్కెళ్ళింది. గర్భసంచిలో గడ్డలున్నాయన్నారు, ఆపరేషన్ చెయ్యాలన్నారు. హిమోగ్లోబిన్ లెక్కలో ఒంట్లో రక్తం ఏడే ఉందన్నారు. గ్రూపు బి నెగిటివ్, అంత సులువుగా దొరికేది కాదన్నారు.

ఆ కబురు గన్నవరం చేరింది. ఆదివారం నాడు సంపూర్ణమ్మగారి ముందుగది చుట్టాలతో నిండిపోయింది. ఎవరిది ఏ గ్రూపు అని వాదన జరుగుతోంది. ఒకాయన తనది ఏ గ్రూపో తెలియదు గాని మంచి రక్తమేనని చెబుతున్నాడు. ఇంతలో సీతారావమ్మగారు కుర్చీలోంచి లేచారు.

"బి నెగిటివా? ఇంకేం, నాది అదేగా! మా పెద్దాడు పుట్టినప్పుడు మద్రాసు నుంచి ఇంజక్షను తెప్పించారు. నాది అందరి రక్తంలాంటిది కాదని డాక్టరు అప్పుడే అన్నాడు. నా రక్తం ఉండగా బయట ఎవడిదో ఎందుకు? ఈ రోజుల్లో బయటి రక్తాన్ని నమ్మగలమా? రెండు సీసాలు కాదు, నాలుగు తీసుకోమనండి!"

"నాలుగు తీస్తే నువ్వు మిగలవే" అన్నారు వెంకటకృష్ణారావుగారు.

"మిగలకపోతే పోతాను! ఇంటి కోడలి ప్రాణం కన్నానా?"

గదిలో అందరి కళ్ళూ చెమర్చాయి. తోడికోడలంటే ఇలా ఉండాలన్నారు. వెంకటప్పయ్యగారు లేచి వదినగారికి నమస్కారం పెట్టారు. సంపూర్ణమ్మగారి మొహంలో మిగిలిన ఆ కాస్త రంగూ అప్పుడు పోయింది.

అందరూ వెళ్ళాక ఆవిడ బేగం బీ దగ్గర కూర్చుని కళ్ళొత్తుకున్నారు.

"గిన్నె పంపిస్తే ఏదో ఒకటి వేసి తిరిగి పంపిస్తాం. దీనికేం పంపించనే? హారమైతే సాయంత్రానికి మెళ్ళోంచి తీసి ఇచ్చేశాను. రక్తం తీసి ఇచ్చేదెట్లా?"

"ఇచ్చేవాళ్ళు దొరక్క జనం ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఏడుస్తారు. నీకు దొరికిందని ఏడుపా?"

"నీకు తెలీదు బేగమ్మా. ఇక నేను ఏ పెళ్ళికి వెళ్ళినా..."

బేగం బీకి తెలియకపోవడమేమిటి? ఆ హారం కథ వందసార్లు విన్నదే. లేచి నిలబడి కొంగు బిగించి, సీతారావమ్మగారి గొంతుతో కేకేసింది. "అమ్మాయ్ సంపూర్ణా! ఎండలో తిరక్కు తల్లీ! ఒంట్లో ఉన్నది నా రక్తం, ఆవిరైపోతుంది!"

సంపూర్ణమ్మగారు ఏడుస్తూనే నవ్వారు. నవ్వుతూ మళ్ళీ ఏడ్చారు.

తరవాతి వారం డాక్టరు మనోజ్ఞగారి గదిలోకి అందరూ బిలబిలమంటూ వెళ్ళారు. సీతారావమ్మగారు ముందు కుర్చీలో కూర్చున్నారు. ఆపరేషన్ ఎప్పుడు, రక్తం ఎప్పుడు ఇవ్వాలి అని వెంకటకృష్ణారావుగారు అడిగారు.

"ఇప్పుడే వద్దండీ" అన్నారు డాక్టరమ్మ.

"అంటే?"

"ఇది ఈ వారమే చెయ్యకపోతే కొంప మునిగే ఆపరేషన్ కాదు. ఒకటిన్నర రెండు నెలలు ఆగుదాం. ఈలోపు రక్తం పోకుండా మందులిస్తాను, ఐరన్ ఇస్తాను. ఆవిడ రక్తం ఆవిడే పెంచుకుంటారు. పదకొండుకు వచ్చాక ఆపరేషన్ చేస్తే ఎవరి రక్తమూ ఎక్కించే పని ఉండదు."

"ఎక్కిస్తే రెండ్రోజుల్లో అయిపోయేదానికి రెండు నెలలెందుకండీ?" అన్నారు వెంకటప్పయ్యగారు.

డాక్టరమ్మది కూడా కాలువల కిందే పుట్టి పెరిగిన ఊరు. "కాలువకు గండి పడితే మీ ఊళ్ళో ఏం చేస్తారు? ముందు గండి పూడుస్తారా, బ్యారేజీ నుంచి ఇంకాసిని నీళ్ళు వదలమంటారా?"

"గండే పూడుస్తాం."

"నేనూ అదే చేస్తున్నాను. పరాయి రక్తమంటే మాటలు కాదండీ. కొందరికి పడదు. జ్వరం రావచ్చు, దద్దుర్లు రావచ్చు, ఎంత పరీక్ష చేసినా ఒక్కోసారి జబ్బులూ అంటుకోవచ్చు. నిజంగా అవసరమైతే ఎక్కించాల్సిందే. అక్కర్లేని చోట ఎక్కించకూడదని కిందటేడాది నుంచి మా ఆస్పత్రిలో అందరం ఒక పద్ధతి పెట్టుకున్నాం. పరీక్షలకు తీసే రక్తం కూడా చిన్నపిల్లలకు వాడే గొట్టాల్లోనే తీస్తున్నాం. కొయ్యగానే కారే నరాల్ని అక్కడికక్కడే మాడ్చేస్తాం, కారడం తగ్గే మందిస్తాం. మీరు మిగిల్చిన బి నెగిటివ్ సంచి హైవే మీద యాక్సిడెంటయిన వాడికి పనికొస్తుంది."

వెంకటకృష్ణారావుగారికి నచ్చలేదు. "రక్తం కూడా ఎక్కించకుండా ఆపరేషనేమిటండీ? పెట్రోలు పొయ్యకుండా బండి సర్వీసింగు చేసినట్టు!"

"సర్వీసింగుకి పెట్రోలు అక్కర్లేదండీ" అన్నారు డాక్టరమ్మ.

సీతారావమ్మగారు ఎన్నడూ లేనంత చిన్న గొంతుతో అడిగారు. "అయితే నాది అసలు అక్కర్లేదా అమ్మా?"

"పదకొండుకు వస్తే అక్కర్లేదు. రాకపోతే అప్పుడు చూద్దాం. మీరు అందుబాటులో ఉండండి."

పాపం, ఆవిడ చిన్నబుచ్చుకున్నారని అందరూ అనుకున్నారు. ఇస్తానన్నది వద్దంటే ఎవరికైనా బాధే కదా. సంపూర్ణమ్మగారికి మాత్రం ఆ గదిలో నుంచి బయటికొచ్చాక పాదాలు నేల మీద ఆనలేదు. ఆటోలో కూర్చుని పదకొండు, పదకొండు అని జపం మొదలుపెట్టారు.

మందులు మొదలయ్యాయి. గర్భసంచి మందుతో రక్తం పోవడం ఆగింది. ఐరన్ మాత్రలు రోజూ పొద్దున్నా సాయంత్రం. ఆ రెండో రోజే గన్నవరం నుంచి ఫోను.

"సంపూర్ణా, ఆ ఐరన్ మాత్రలు మహా వేడి. ఊరికే మింగకు, పేగులు మాడిపోతాయి. మాత్ర వేసుకున్న వెంటనే చెంబుడు చిక్కటి మజ్జిగ తాగు. చలవ."

"అట్లాగే అక్కా."

చెప్పింది ఎవరైనా సలహా సలహాయే. వేడికి చలవ విరుగుడన్నది మనకు ఉగ్గుపాలతో వచ్చిన చదువు. సంపూర్ణమ్మగారు పొద్దున్నా సాయంత్రం మాత్ర మింగి, ఆ వెంటనే చెంబుడు మజ్జిగ తాగి, గంటకోసారి కాఫీ మానకుండా, మూడు వారాలు నిష్ఠగా గడిపారు.

మూడు వారాలయ్యాక పరీక్ష చేస్తే రక్తం ఏడు దాటి ఏమంత కదల్లేదు.

డాక్టరమ్మ కాగితం వంకా ఆవిడ వంకా మార్చి మార్చి చూశారు. "మాత్రలు వేసుకుంటున్నారా?"

"దేవుడి మీద ఒట్టు. ఒక్క పూట మానలేదు."

"విరేచనం నల్లగా అవుతోందా?"

సంపూర్ణమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ మీది క్యాలెండరు చూశారు. వెంకటప్పయ్యగారు ఫ్యాను రెక్కలు లెక్కపెట్టారు. అవుతోందో లేదో ఇద్దరికీ తెలుసు. ఎవరు చెప్పాలన్నది తేలలేదు. ఆఖరికి బేగం బీ, "అవుతోందంట డాక్టరమ్మా, భయపడి నాకు చెప్పింది" అని వాళ్ళ మర్యాద కాపాడింది.

"మరి మాత్ర దేంతో వేసుకుంటున్నారు?"

"నీళ్ళతోనే. ఆ తరవాత మజ్జిగ. వేడి చెయ్యకుండా."

"ఎంత?"

"చెంబుడు."

డాక్టరమ్మ నుదురు కొట్టుకుని నవ్వారు. "ఏమ్మా, నేనిచ్చిన ఇనుమంతా మజ్జిగ తాగేసింది! పాలూ పెరుగూ మజ్జిగా కాఫీ టీలూ దగ్గరుంటే ఐరన్ ఒంటికి పట్టదు. మాత్ర పరగడుపున, నిమ్మకాయ నీళ్ళతో. మజ్జిగ రెండు గంటలు ఆగి తాగండి. మీకు ఇప్పటికే ఆలస్యమైంది గనక ఐరన్ ఇంజక్షను సెలైన్లో కలిపి కూడా ఎక్కిద్దాం."

"వేడి చెయ్యదా అండీ?"

"చేస్తే నా పేరు చెప్పండి."

ఆటోలో వస్తుండగా బేగం బీ ఉన్నట్టుండి తొడ చరిచింది. "మజ్జిగ తాగమని ఎవరు చెప్పారు?"

"మా అక్కే" అన్నారు సంపూర్ణమ్మగారు.

"ఫోను చేసి మరీ చెప్పింది! నీకు రక్తం పెరక్కుండా ఉంటేనే కదా ఆమెది కావాల్సొచ్చేది!"

"ఛ, ఊరుకోవే. అంత పని చేస్తుందా?" అన్నారు గాని, ఆవిడ గొంతులో ఆ ఊరుకోవే అన్న మాటకు బలం లేదు.

అక్కడి నుంచి సీతారావమ్మగారు ఏం చేసినా అనుమానంగానే కనిపించింది. ఆవిడ రోజు మార్చి రోజు ఫోను చేసి, పలకరింపు కూడా లేకుండా, "ఎంతకొచ్చిందే?" అని అడిగేవారు. ఎనిమిదన్నర అంటే "అంతేనా?" అనేవారు. ఆ "అంతేనా"లో సంతోషం దాక్కుని ఉందని సంపూర్ణమ్మగారికి గట్టి నమ్మకం. గన్నవరం నుంచి వచ్చే కొట్టు మనిషితో నువ్వులుండలు పంపారు, మునగాకు పంపారు, ఖర్జూరాలు పంపారు. పైకి ఇదంతా ప్రేమే, లోపల సంగతి పైవాడికెరుక అని బేగం బీ వేదాంతం చెప్పేది. చెబుతూనే ఖర్జూరాలు వలిచి సంపూర్ణమ్మగారి నోట్లో పెట్టేది. గిన్నెలు మాత్రం ఒక్కటీ ఖాళీగా గన్నవరం తిరిగి వెళ్ళలేదు.

నిమ్మకాయ నీళ్ళు పనిచేశాయి. సెలైన్లో ఎక్కించిన ఐరనూ పనిచేసింది. పెదవులకు రంగొచ్చింది. మిషను మీద కునుకు పోయింది. తొమ్మిదిన్నర, పది, ఒకనాడు పదకొండు దాటింది. ఆ సాయంత్రం ఫోను మోగితే సంపూర్ణమ్మగారు పరుగెత్తుకెళ్ళి తీశారు.

"పదకొండూ రెండు అక్కా!"

అవతల చక్రంలోంచి గాలి తీసినట్టు పెద్ద నిట్టూర్పు.

"చూశావా, ఎంత నిరాశపడిందో!" అన్నారు సంపూర్ణమ్మగారు, ఫోను పెట్టేసి.

ఆపరేషన్ రోజున డాక్టరమ్మ అందరికీ మరోసారి చెప్పారు. రక్తం అక్కర్లేకుండానే అయిపోతుందని నమ్మకముంది. ఎందుకైనా మంచిదని బ్లడ్ బ్యాంకులో ఒక సంచి పక్కన పెట్టించాం. అది కూడా చాలని పరిస్థితి వస్తే అప్పుడు సీతారావమ్మగారిని అడుగుతాం. అంతవరకూ ఎవరూ కంగారుపడొద్దు. సంపూర్ణమ్మగారు స్ట్రెచరు మీద నుంచి డాక్టరమ్మ చెయ్యి పట్టుకున్నారు.

"అమ్మా, ప్రాణం మీదికొస్తే తప్ప ఆవిడది వద్దు."

"మీ ఇద్దరికీ గొడవలా?"

"గొడవలుంటే బాగుండేది, తల్లీ. ఆవిడ మంచిదే. అదే నా బాధ."

తలుపులు మూసుకున్నాయి.

బయట జరిగింది బేగం బీ కళ్ళారా చూసింది. ఇప్పటికీ అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ నటించి చూపిస్తుంది. సీతారావమ్మగారు థియేటరు తలుపుకు ఎదురుగా బెంచీ మీద కూర్చున్నారు. పొద్దుటి నుంచీ కాఫీ కూడా ముట్టలేదు. ఇడ్లీ తెస్తే వద్దన్నారు. తలుపు కదిలితే చాలు, ఆవిడ కుడిచెయ్యి వెళ్ళి ఎడం మోచేతిని మూసేది. ఒక పక్క దుర్గమ్మకు మొక్కు, ఆ మొక్కు ముగియగానే గుణదల మేరీమాతకు మొక్కు, మధ్యలో "మీ దేవుడికి కూడా ఒక మాట చెప్పు బేగం" అని సిఫారసు. ఎంత ప్రేమ తోడికోడలంటే అని వెంకటప్పయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

ఆఖరికి తలుపు తెరుచుకుని నర్సు బయటికొచ్చింది. "సంపూర్ణమ్మగారి తాలూకు ఎవరండీ? రక్తం..."

నర్సు చెప్పబోయింది రక్తం అక్కర్లేకపోయింది, ఆపరేషన్ బాగా జరిగింది అని. మిగతా ముక్క వినడానికి సీతారావమ్మగారు అక్కడ లేరు. బెంచీ మీద నుంచి గోనెసంచి జారినట్టు జారి నేల మీద ఉన్నారు.

కంగారుపడి ఎత్తారు. సంపూర్ణమ్మగారి కోసం తీసుకున్న గదిలోనే, తోడుండేవాళ్ళు పడుకునే మంచం మీద పడుకోబెట్టారు. పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు, బీపీ పడిపోయింది, ఏం ఫరవాలేదన్నారు డాక్టరమ్మ. చేతికి సూది గుచ్చి గ్లూకోజు పెట్టారు.

కాసేపటికి సంపూర్ణమ్మగారిని గదిలోకి తెచ్చారు. మత్తు ఇంకా పూర్తిగా దిగలేదు. తల పక్కకు తిప్పితే ఎదురు మంచం మీద తోడికోడలు. మొహం వాడిపోయి ఉంది. ఎడం చేతికి ప్లాస్టరు, సన్నటి గొట్టం.

"అక్కా... ఎక్కించేశారా?"

"ఎక్కించేశారే" అన్నారు సీతారావమ్మగారు నీరసంగా.

"ఎన్ని?"

"ఒకటి అయిపోయింది. రెండోది పెట్టారు."

సంపూర్ణమ్మగారి కళ్ళ వెంట నీళ్ళు చెవుల్లోకి కారాయి. ఇన్ని వారాల నిమ్మకాయ నీళ్ళు, ఇన్ని సూదిపోట్లు, అంతా కృష్ణలో కలిసిపోయింది. ఇక జన్మంతా...

"అయ్యో అల్లా!" అంటూ బేగం బీ మధ్యలో దూరింది. "ఎక్కించింది నీకు కాదక్కా, ఆమెకి!"

"ఆవిడకా? ఆవిడకెందుకే రక్తం?"

"రక్తం కాదు, గ్లూకోజు! నర్సు రక్తం అనంగానే దభేలున పడిపోయింది. నీకు చుక్క కూడా ఎక్కించలేదు. ఎవరిదీ ఎక్కించలేదు!"

సంపూర్ణమ్మగారు ఆ మాటను మూడుసార్లు చెప్పించుకున్నారు. తరవాత నెమ్మదిగా తోడికోడలి వంక తిరిగారు. సీతారావమ్మగారు కప్పు వంక చూస్తున్నారు.

"సూదంటే నాకు చిన్నప్పట్నుంచీ ప్రాణం పోతుందే, సంపూర్ణా" అన్నారు చివరికి. "ఆ ఆదివారం నలుగురిలో నోరు జారింది. నాలుగు సీసాలట, నా బొంద! అన్న దగ్గర్నుంచి కంటి మీద కునుకుంటే ఒట్టు. రానని ఏ మొహం పెట్టుకుని చెప్పను? నువ్వు పదకొండుకి వస్తే చాలు తల్లీ అని మొక్కని దేవుడు లేడు. ఆ రోజు ఫోన్లో నువ్వు చెప్పంగానే హమ్మయ్య అని అక్కడే కూలబడ్డాను."

"మరి మజ్జిగ?"

"వేడి చేస్తుందనే చెప్పానే! అది విరోధమని మీ ఆయన చెప్పినప్పుడు నా చెప్పుతో నేనే కొట్టుకోవాలనిపించింది. నా కొంపకు నేనే నిప్పు పెట్టుకున్నానే!"

సంపూర్ణమ్మగారి పొట్ట మీది దుప్పటి కదలడం మొదలుపెట్టింది. "వద్దక్కా... నవ్వించకు... కుట్లు..." ఎవరు నవ్విస్తున్నారని? సీతారావమ్మగారికీ నవ్వు ఆగలేదు. గొట్టం ఊగుతోందని బేగం బీ ఒక చేత్తో స్టాండు పట్టుకుని, రెండో చేత్తో నోరు మూసుకుంది.

ఆ సమయానికే గన్నవరం నుంచి జీపులో వెంకటకృష్ణారావుగారూ చుట్టాలూ దిగారు. ఆయన పిన్నమ్మ ముందు నడుస్తోంది. గుమ్మంలోనే ఆగి, ఒక మంచం చూసింది, రెండో మంచం చూసింది, సీతారావమ్మగారి చేతి ప్లాస్టరు చూసింది. బుగ్గన చెయ్యి వేసుకుంది.

"అమ్మమ్మమ్మ! ఇచ్చేసిందమ్మా తల్లి! ఏమే సంపూర్ణా, ఎంత అదృష్టం చేసుకున్నావే! ఒంట్లో రక్తం తోడి పోసే తోడికోడలు ఎవరికుంటుంది? చచ్చేదాకా మర్చిపోకు!"

వెనకాలవాళ్ళంతా అవునవునన్నారు. గదిలో ముగ్గురికి మాత్రమే అసలు సంగతి తెలుసు. సంపూర్ణమ్మగారు కళ్ళు మూసుకున్నారు. సీతారావమ్మగారి నోరు అప్పటికే సగం తెరుచుకుని ఉంది. ఇవ్వకుండానే ఇచ్చినంత పేరు పళ్ళెంలో పెట్టి తెచ్చారు. పుచ్చుకోవడమే తరువాయి. ఆ నోరు అలాంటి పేరును ఇంతకు ముందు ఎప్పుడూ వదులుకుని ఎరగదు.

"నేనేం ఇవ్వలేదు పిన్నీ" అన్నారు ఆవిడ. "దాని రక్తం దానికే సరిపోయింది. ఈ గ్లూకోజు నాకే. కళ్ళు తిరిగి పడిపోయానని పెట్టారు."

పిన్నమ్మ మొహం దీపం తగ్గించినట్టయింది. "అదేమిటే? మరి ఆపరేషన్..."

"అయిపోయింది. చుక్క అక్కర్లేకుండా."

సంపూర్ణమ్మగారు కళ్ళు తెరిచారు. "పొద్దుటి నుంచీ మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఆ తలుపు దగ్గరే కూర్చుందండీ మా అక్క" అన్నారు, గొంతు సరిగ్గా రాకపోయినా. "ఏదో వంక చెప్పి ఇంట్లో ఉండిపోతే ఎవరేమంటారు? వచ్చి కూర్చుంది."

సీతారావమ్మగారు దుప్పటి గడ్డం దాకా లాక్కున్నారు.

వెంకటకృష్ణారావుగారికి మాత్రం మనసు కుదుటపడలేదు. "ఇంతమందిమి జీపు కట్టించుకుని వచ్చాం. ఇంతకీ మనమెందుకు పనికొచ్చినట్టు?" అని అందరినీ అడిగారు. కింద క్యాంటీన్లో కాఫీ బాగుంటుందని, మందులు కొనుక్కుని అప్పుడే వచ్చిన వెంకటప్పయ్యగారు చెబితే అందరూ అటు కదిలారు.

గది ఖాళీ అయ్యాక నర్సు వచ్చింది. గ్లూకోజు అయిపోయింది, సూది తీసేస్తానంది. సీతారావమ్మగారు గబుక్కున గోడవైపు తిరిగి కళ్ళు గట్టిగా మూసుకున్నారు. రెండో చెయ్యి మాత్రం గాల్లోకి చాపారు. రెండు మంచాల మధ్యా బారెడు దూరం. సంపూర్ణమ్మగారు నడుం కదపకుండా చెయ్యి ఒక్కటే ముందుకు చాపి, ఆ చేతిని అందుకున్నారు.

"అయిపోయిందక్కా. తీసేశారు."

"నిజంగానా?"

"నిజం."

"రక్తం వచ్చిందా?"

"లేదు. దూది పెట్టారు."

"ఇటు తిరగమంటావా?"

"తిరుగు" అన్నారు సంపూర్ణమ్మగారు.